షోరూములో కనిపించని చిరాకులు: నాలుగు మీటర్ల లోపు కార్లు వాడుతున్నవారు చెప్పవలసినవి

ఏడురోడ్ల_వాసి (శ్రీకాకుళం):

సభ్యులందరికీ నమస్కారం. రాజాంలో ఉంటున్న మా చెల్లెలి కుటుంబం మొదటిసారిగా కారు కొనబోతోంది. బావగారు, చెల్లెలు, బడికి వెళ్ళే పాప, మోకాళ్ళ నొప్పులున్న అత్తగారు, ఇదీ ఆ కుటుంబం. ధర, మైలేజీ, ఎయిర్‌బ్యాగుల సంఖ్య వంటివి ఎక్కడ వెతికినా దొరుకుతాయి కాబట్టి నేను అడుగుతున్నది వాటి గురించి కాదు. కొన్న కొత్తలో ఎవరూ పట్టించుకోని, కొన్నాళ్ళు గడిచేసరికి రోజూ పంటి కింద రాయిలా తగిలే చిన్న చిన్న ఇబ్బందుల గురించి తెలుసుకోవాలని ఉంది. షోరూమువారు నున్నటి రోడ్డు మీద పది నిమిషాలు తిప్పి చూపించినప్పుడు అవి బయటపడవు. ఇంజను చెడిపోవడం, సర్వీసు సెంటరుతో గొడవలు వంటి పెద్ద విషయాలకు వేరే చర్చలున్నాయి. దయచేసి వాటిని ఇక్కడికి తేవద్దు. కంపెనీల పేర్లు కూడా అవసరం లేదు, ఎందుకంటే ఒకే రకం చిరాకు చాలా కార్లలో కనిపిస్తుంది.

నా వంతుగా ఒకటి చెబుతాను. రైతుబజారు నుంచి కూరగాయల సంచీ తెచ్చి ముందు ఎడమ సీటులో పెడితే, అక్కడ మనిషి కూర్చున్నట్టు లెక్కగట్టి సీటు బెల్టు బజరు ఇంటికి చేరేదాకా మోగుతుంది. సంచీని కింద పెడితే బ్రేకు వేసిన ప్రతిసారీ టమాటాలు కాళ్ళ దగ్గర దొర్లుతాయి. 2019 జూలై 1 నుంచి కొత్త కార్లలో ముందు సీట్ల బెల్టు హెచ్చరిక తప్పనిసరి అయింది. ఆ నియమం అవసరమైనదేనని నేను నమ్ముతాను. అయినా సంచీకీ మనిషికీ తేడా తెలియని ఆ సీటు వల్ల రోజూ విసుగు కలుగుతున్న మాట నిజం.

గంటస్తంభం_వీధి (విజయనగరం):

మీ బజరు సంగతికి ముందుగా జవాబు చెబుతాను. సంచీని సీటులో పెట్టి దాని మీదుగా బెల్టు బిగించండి. బజరు ఆగుతుంది, సంచీ కూడా కదలకుండా ఉంటుంది. బెల్టు లేకుండా కేవలం కొక్కెంలో దూర్చే లోహపు బిళ్ళలు కొందరు వాడుతుంటారు. వాటి జోలికి మాత్రం వెళ్ళకండి. 2023 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఆ బిళ్ళల అమ్మకాన్ని ఆపమని ఆన్‌లైన్ అంగళ్ళను ఆదేశించింది. బజరు నోరు నొక్కితే రేపు అదే సీటులో కూర్చునే మనిషికి రక్షణ పోతుంది.

ఇక నా చిరాకు పక్క అద్దాలు. కోట చుట్టుపక్కల పాత వీధుల్లో, ముఖ్యంగా గంటస్తంభం దగ్గర సాయంత్రం వేళ, ఎదురుగా ఆటో వస్తే అద్దాలు మడవక తప్పదు. కుడివైపుది కిటికీ దించి చేత్తో మడవవచ్చు. ఎడమవైపుది మడవాలంటే పక్కన మనిషి లేనప్పుడు బెల్టు విప్పి, గేరు రాడ్డు మీదుగా ఒరిగి, ఆ కిటికీ దించి, చెయ్యి బయటకు చాపాలి. ఈలోగా వెనక ఉన్నవారంతా హారన్లు మోగిస్తారు. మీట నొక్కితే మడుచుకొనే అద్దాలు పై వేరియంట్లలోనే, అంటే అదే కారులో ఎక్కువ ధర రకాల్లోనే ఇస్తున్నారు. తక్కువ ధర కారు కొనేవారే ఇరుకు వీధుల్లో ఎక్కువగా ఉంటారన్న సంగతి ఆ నిర్ణయం తీసుకునేవారు ఒక్కసారి ఆలోచిస్తే బాగుండును. సిరిమానోత్సవం రోజుల్లో అయితే నేను కారు బయటకే తియ్యను.

బారువ_తీరం (సోంపేట మండలం):

మాది సముద్రం పక్క ఊరు. మా దగ్గర చిరాకులన్నీ నీటితోనూ ఉప్పుతోనూ ముడిపడి ఉంటాయి. వానాకాలంలో బ్రేకు వేసినప్పుడల్లా ఎడమ తలుపు లోపల బిందెలో నీళ్ళు కదిలినట్టు గలగలమనే చప్పుడు వినిపించేది. అద్దం జారే సందులోంచి వాన నీరు తలుపు లోపలికి దిగడం అన్ని కార్లలోనూ మామూలే. అది బయటకు పోవడానికి తలుపు అడుగు అంచున చిన్న రంధ్రాలుంటాయి. ఇసుక, ఎండుటాకుల పొడి చేరి ఆ రంధ్రాలు పూడుకుపోతే నీరు లోపలే నిలుస్తుంది. తలుపు తెరిచి, కింద అంచును చేత్తో తడిమి చూస్తే అవి దొరుకుతాయి. మెత్తని ప్లాస్టిక్ పుల్లతో కదిపితే నల్లటి నీరు ధారగా కారిపోయింది, చప్పుడూ పోయింది. ఇనుప తీగతో మాత్రం పొడవకూడదు. రంగు లేచిన చోట ఉప్పుగాలి తగిలితే తుప్పు అక్కడి నుంచే మొదలవుతుంది.

ఇదే కారణంగా కారు కడిగేవారు పైభాగం మెరిపించి వదిలేస్తే నాకు మనసు ఒప్పదు. సముద్రం పక్కన కారు పెట్టుకునేవారు అడుగుభాగాన్నీ, చక్రాల గూళ్ళనూ మంచినీటితో తరచూ కడిగించాలి. భావనపాడు, కళింగపట్నం వైపు వారందరికీ ఇది వర్తిస్తుంది.

పొందూరు_టీచరు:

ఇంతవరకూ రాసినవారందరూ మగవారే అనుకుంటాను. అందువల్ల సీటు సంగతి ఎవరూ ఎత్తలేదు. నేను రోజూ కారు నడుపుకొంటూ బడికి వెళ్తాను, నా ఎత్తు తక్కువ. సీటును పైకి లేపే మీట మా వేరియంటులో లేదు. అది లేకపోతే నాకు బానెట్ అంచు కనిపించదు, స్టీరింగు చక్రం పై అంచు నా చూపుకు అడ్డు వస్తుంది. దిండు వేసుకోమని అందరూ సలహా ఇస్తారు. జారిపోయే దిండు మీద కూర్చుని గట్టిగా బ్రేకు వేస్తే బెల్టు నడుము మీద ఉండవలసిన చోట ఉండదని వారికి తోచదు. రెండో ఇబ్బంది బెల్టు పై కొక్కెం. దాన్ని కిందికీ పైకీ జరుపుకొనే ఏర్పాటు లేని కార్లలో బెల్టు భుజం మీద కాకుండా మెడను ఒరుసుకుంటుంది. ఎండాకాలంలో చెమటతో కలిసి ఆ చోటు మండుతుంది.

ఇక చేతిసంచీ. పాఠశాల పుస్తకాలు, భోజనం క్యారియరు, నీళ్ళ సీసా, వీటన్నిటినీ ఎక్కడ పెట్టాలో చిన్న కార్ల రూపకర్తలు ఆలోచించినట్టు కనిపించదు. సీసా పెట్టే గుంట గేరు రాడ్డుకు ముందు, ఏసీ మీటల కింద ఉంటుంది. అందులో లీటరు సీసా పెడితే మొదటి గేరు వేసిన ప్రతిసారీ చెయ్యి దానికి తగులుతుంది. తలుపు అరలో పెడితే సీసా పడుకొని ఉంటుంది, మూత వదులైతే నీరంతా కారిపోతుంది. చీర కట్టుకున్నవారికి మరో సంగతి ఉంది. కొన్ని కార్లలో సీటును వెనక్కి వాల్చే మీట తలుపు వైపున పొడుచుకొని ఉండి, దిగేటప్పుడు కొంగు అంచును పట్టేస్తుంది. నేత చీరల ఊరిలో ఉంటున్నదాన్ని కాబట్టి ఆ చిరుగు విలువ నాకు బాగా తెలుసు.

ఏడురోడ్ల వాసి గారూ, మీ చెల్లెలిగారు కూడా నడుపుతారా? నడిపేటట్టయితే కారు చూడడానికి బావగారితో పాటు ఆవిడను కూడా తప్పకుండా తీసుకువెళ్ళండి. రోజూ వాడే సంచీ, సీసాలతోనే వెళ్ళమనండి.

ఏడురోడ్ల_వాసి (శ్రీకాకుళం):

టీచరు గారూ, ధన్యవాదాలు. చెల్లెలే ఎక్కువగా నడుపుతుంది. సీటు ఎత్తు సంగతి మా జాబితాలో లేదు, ఇప్పుడు మొదటి వరుసకు వచ్చింది.

టెక్కలి_గ్యారేజి:

నేను కార్ల మరమ్మతు పనిలో ఉన్నాను. నా దగ్గరకు ఎక్కువమంది తెచ్చే ఫిర్యాదు చప్పుళ్ళ గురించి. చక్రాల కుదుపును తట్టుకొనే సస్పెన్షన్ పోయిందని భయపడి వస్తారు. గుంతల రోడ్డు మీద వినిపించే టకటక శబ్దాలలో చాలావాటికి సస్పెన్షన్‌తో సంబంధమే ఉండదు. ఎవరూ అనుమానించని ఒక చోటు చెబుతాను. వెనక సీటు ఖాళీగా ఉన్నప్పుడు అక్కడి బెల్టుకుండే లోహపు నాలుక, పక్కన ఉన్న ప్లాస్టిక్ స్తంభాన్ని కొడుతూ ఉంటుంది. ముందు కూర్చున్నవారికి అది డిక్కీలోంచి వస్తున్నట్టు వినిపిస్తుంది. ఆ బెల్టును ఖాళీ సీటుకే పెట్టేస్తే శబ్దం మాయమవుతుంది. తరువాతివి వెనక తల ఆనించే దిండ్ల కడ్డీలు, డిక్కీ మీద ఉండే అట్ట పలక, స్టెప్నీ కింద పెట్టిన జాకీ, పానా.

శబ్దం పట్టుకోవాలంటే నడిపే మనిషి వెతకకూడదు. బండి వేరొకరికి ఇచ్చి, మీరు వెనక కూర్చోండి. ఏసీ, పాటలు ఆపించి, ఇరవై కిలోమీటర్ల వేగంలో గుంతల మీద నడిపించండి. చప్పుడు వస్తున్నప్పుడు ఒక్కొక్క ప్లాస్టిక్ భాగాన్నీ అరచేత్తో నొక్కి పట్టుకోండి. ఎక్కడ నొక్కితే ఆగుతుందో అదే చోటు. రెండు ప్లాస్టిక్ అంచులు ఒరుసుకునే చోట సన్నని ఫెల్ట్ పట్టీ అంటిస్తే సరిపోతుంది. తలుపు చుట్టూ ఉండే రబ్బరు బీడింగు కిరకిరలాడితే సిలికాన్ గ్రీజు చాలా పలచగా రాయండి. ఇంజన్ ఆయిలు మాత్రం రాయకండి, రబ్బరు ఉబ్బి పాడవుతుంది.

మూడు సిలిండర్ల ఇంజన్ల వణుకు గురించి కూడా చాలామంది అడుగుతారు. నాలుగు సిలిండర్ల ఇంజనులో ఒకదాని కదలికను మరొకటి సరిచేసినంతగా మూడింటిలో జరగదు, ఇంజను ముందుకూ వెనక్కూ ఊగుతుంది. ఏసీ వేసుకొని సిగ్నలు దగ్గర ఆగినప్పుడు స్టీరింగులో, గేరు రాడ్డులో ఆ వణుకు తెలుస్తుంది. కొత్త కారులోనూ కొంత ఉంటుంది. అది జబ్బు కాదు. కొన్నేళ్ళకు హఠాత్తుగా పెరిగితే మాత్రం ఇంజనును పట్టి ఉంచే మౌంటింగు రబ్బర్లు చూపించుకోవాలి.

సాలూరు_ఘాటు:

క్లచ్ పెడలు లేని కార్లలో చవకైన రకం ఏఎమ్‌టీ. మామూలు గేర్‌బాక్సునే ఉంచి, క్లచ్ నొక్కే పనీ గేరు మార్చే పనీ ఒక యంత్రానికి అప్పగిస్తారు. గేరు మారే క్షణంలో ఇంజను బలం చక్రాలకు అందదు, అందుకే తల ముందుకు వాలి మళ్ళీ వెనక్కి వస్తుంది. విజయనగరం పట్టణంలో నడిపేటప్పుడు ఇది పెద్ద విషయం కాదు. మా 26వ నంబరు జాతీయ రహదారి మీద సాలూరు దాటి కొరాపుట్ వైపు ఘాటు ఎక్కేటప్పుడు, ముందు ఖనిజం లారీ ఉన్నప్పుడు అసలు చిరాకు తెలుస్తుంది. రెండో గేరా, మూడో గేరా అని అది తేల్చుకోలేక మలుపు మధ్యలో బలం వదిలేస్తుంది.

దీనికి మందు ఉంది. ఘాటు మొదలవగానే, గేరు మనమే ఎంచుకొనే మాన్యువల్ మోడ్‌లోకి మార్చి రెండో గేరులోనే ఉంచాలి. సమతల రోడ్డు మీద గేరు మారబోతున్నదని ఇంజను మోత చెబుతుంది. ఆ క్షణంలో యాక్సిలరేటరును కాస్త వదిలితే కుదుపు చాలావరకు తగ్గుతుంది. ఎత్తులో ఆగినప్పుడు యాక్సిలరేటరుతోనే బండిని నిలబెట్టే అలవాటు కొందరికి ఉంది. దాంతో క్లచ్ త్వరగా అరిగిపోతుంది. చేతి బ్రేకు వాడండి. ఎత్తులో వెనక్కి జారకుండా కాసేపు బ్రేకు పట్టి ఉంచే హిల్ హోల్డ్ ఏర్పాటు మీరు కొనబోయే వేరియంటులో ఉందో లేదో కాగితం మీద చూసుకోండి, నోటి మాట నమ్మవద్దు.

మడపాం_వంతెన (నరసన్నపేట):

ఆరు వరుసల జాతీయ రహదారి మీద 80 దాటగానే వచ్చే బీప్ నా చిరాకు. 80 దాటితే ఆగి ఆగి, 120 దాటితే ఆగకుండా మోగుతుంది. 2019 నియమాల్లో ఇదీ ఒకటి. కార్లకు 100 కిలోమీటర్ల వేగం అనుమతించిన రోడ్డు మీద కూడా నిమిషానికోసారి మోగితే ఇంట్లోవారు నేను తప్పు చేస్తున్నానని నన్నే చూస్తారు.

నెల్లిమర్ల_మాస్టారు (విశ్రాంత ఉపాధ్యాయుడు):

చర్చ చక్కగా సాగుతోంది. ఈ చిరాకుల్లో కొన్నిటికి మూలం ఎక్కడుందో చెప్పడం అవసరమనిపించి రాస్తున్నాను. 2006-07 కేంద్ర బడ్జెట్టులో, పొడవు 4000 మిల్లీమీటర్లకు మించకుండా, పెట్రోలు ఇంజనైతే 1200 సీసీకీ డీజిల్ ఇంజనైతే 1500 సీసీకీ లోబడి ఉన్న కార్లకు ఎక్సైజు సుంకాన్ని 24 శాతం నుంచి 16 శాతానికి తగ్గించారు. జీఎస్‌టీ వచ్చాక కూడా ఆ గీత చెరగలేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి ఈ చిన్న కార్ల మీద జీఎస్‌టీ 18 శాతానికి దిగింది. అంటే ఒక్క అంగుళం పొడవు పెరిగినా కొనేవాడి మీద భారం చాలా పెరుగుతుంది. అందువల్ల కంపెనీలు ముందు ఇంజనుకూ మనుషులకూ చోటు చూసుకొని, మిగిలిన కోత అంతా వెనక భాగం మీద వేస్తాయి. డిక్కీ లోతు తగ్గుతుంది, స్టెప్నీ సన్నబడుతుంది, వెనక తలుపు ఇరుకవుతుంది.

వెనక అద్దం మురికి కూడా ఈ కోతలోంచి వచ్చిందే. కారు వెనక భాగం నిటారుగా కోసినట్టు ఉంటే, కదిలేటప్పుడు దాని వెనక గాలి ఒత్తిడి పడిపోతుంది. చక్రాలు లేపిన దుమ్మూ బురద నీరూ అక్కడ సుడి తిరిగి అద్దానికే అతుక్కుంటాయి. పొడవాటి డిక్కీ ఉన్న సెడాన్ కార్లలో ఇంతగా ఉండదు. వర్షాకాలంలో చీపురుపల్లి నుంచి నెల్లిమర్ల వచ్చేసరికి మా కారు వెనక అద్దంలోంచి ఏమీ కనిపించదు. పొట్టి కారుకే వెనక వైపరు ఎక్కువ అవసరం, పొట్టి కారు కింది వేరియంట్లలోనే అది ఉండదు. ఈ ఒక్క విషయంలో మాత్రం నాకు కోపమే వస్తుంది. వెనక ఏముందో కనిపించడం విలాసం కాదు, దాన్ని వేరియంటు పేరుతో అమ్మకూడదు.

స్టెప్నీ మాటకు వస్తే, చాలా కార్లలో అది మిగతా నాలుగు టైర్ల కంటే చిన్నది. దాని మీద 80 కిలోమీటర్లు మించవద్దని చీటీ అంటించి ఉంటుంది. పైగా అది డిక్కీ అడుగున ఉంటుంది. పెళ్ళికి సామాను సర్దుకొని వెళ్తున్నప్పుడు టైరు పంక్చరైతే సామానంతా రోడ్డు మీద దించాలి.

మడపాం_వంతెన (నరసన్నపేట):

మాస్టారూ, స్టెప్నీ విషయంలో మీతో పూర్తిగా ఏకీభవించలేను. చిన్న స్టెప్నీ వల్ల డిక్కీలో కొంత లోతు మిగులుతుంది, బరువూ తగ్గుతుంది. ట్యూబులెస్ టైరుకు మేకు గుచ్చుకుంటే గాలి మెల్లగా పోతుంది, పంక్చరు కొట్టుదాకా చేరవచ్చు. గాలి కొట్టే చిన్న పంపు ఒకటి కారులో ఉంచుకుంటే చాలు. 2020లో నియమాలను మార్చి, టైరు గాలి ఒత్తిడి తెలిపే ఏర్పాటూ, పంక్చరు సరిచేసే కిట్టూ ఉన్న కార్లకు స్టెప్నీ లేకపోయినా అనుమతించారు కూడా.

నెల్లిమర్ల_మాస్టారు (విశ్రాంత ఉపాధ్యాయుడు):

బాబూ, మేకు గుచ్చుకున్న టైరుకు మీ మాట వర్తిస్తుంది. గుంతలో పడి పక్క గోడ చిరిగిన టైరుకు పంపు ఎందుకు పనికివస్తుంది? జాతీయ రహదారి మీద తిరిగేవారికి మీ మాట చెల్లవచ్చు. రాత్రిపూట గరివిడి దాటి లోపలి ఊళ్ళకు వెళ్ళేవారికి పూర్తి కొలత స్టెప్నీ కావాలనే నా అభిప్రాయం.

చీపురుపల్లి_పొలంగట్టు:

ఎలుకల గురించి ఎవరూ రాయకపోవడం ఆశ్చర్యంగా ఉంది. వరి కోతలు అయ్యాక పొలాల్లో తిండి తగ్గి ఎలుకలు ఇళ్ళ వైపు వస్తాయి. ఇంటి పక్క ఆరుబయట పెట్టిన కారు బానెట్ కింద వెచ్చగా, చీకటిగా ఉంటుంది కదా, అక్కడ చేరి గూడు కడతాయి. మా కారులో ఏసీ వేస్తే గాలి సన్నగా వచ్చేది, ఏదో కుళ్ళు వాసన. ముందు ఎడమ సీటు ఎదురుగా ఉండే గ్లవ్ బాక్సు ఊడదీసి చూస్తే దాని వెనకున్న గాలి ఫిల్టరు సగం కొరికేసి ఉంది. గడ్డి పరకలు, వేరుశెనగ తొక్కలు, మా ఇంటి చీపురు పుల్లలే ముక్కలు ముక్కలుగా అక్కడ పేర్చి ఉన్నాయి. వైర్లు కొరికితే ఖర్చు వేలల్లోకి వెళ్తుంది. పొగాకు కట్టలు పెట్టమని కొందరు, కలరా ఉండలు పెట్టమని కొందరు చెబుతున్నారు. గ్యారేజి గారి మాట వినాలని ఉంది.

టెక్కలి_గ్యారేజి:

పొగాకు, కలరా ఉండల వాసన కొన్నాళ్ళు పనిచేస్తుంది, ఆ తరువాత ఎలుకకు అలవాటవుతుంది. కలరా ఉండల వాసన ఏసీలోకి వచ్చి పిల్లలకు తలనొప్పి తెస్తుంది, నేను వద్దంటాను. ఎలుక దారి మూసెయ్యడమే నమ్మదగిన మార్గం. బయటి గాలి లోపలికి వచ్చే చోటు, ముందు అద్దం అడుగున వైపర్ల కింద ఉంటుంది. అక్కడ సన్నకన్ను స్టీలు జాలీ బిగించాలి. కారును రోజూ ఒకే చోట పెట్టకుండా కాస్త అటూ ఇటూ మార్చండి. ఎక్కువ రోజులు తీయకుండా ఉంచితే రెండు రోజులకోసారి బానెట్ తెరిచి వెలుతురు తగలనివ్వండి. కారులో చిరుతిళ్ళ ముక్కలు రాలి ఉంటే మిగతావన్నీ వృథా.

ఏసీ మాట వచ్చింది కాబట్టి మరొకటి. ముందు ఎడమ సీటువారి కాళ్ళ దగ్గర మ్యాటు తడిసి ఉంటే చాలామంది వాననీరు కారుతోందనుకుంటారు. ఎక్కువసార్లు అది ఏసీ నీరు. లోపలి గాలిలోని తేమ చల్లబడి నీరై, ఒక సన్నని గొట్టం ద్వారా కారు కిందికి కారాలి. ఆ గొట్టంలో దుమ్ము అడ్డుపడితే నీరు వెనక్కి తిరిగి కారులోకే వస్తుంది. ఉక్కపోత రోజున ఏసీ వేసి కాసేపు ఆపి ఉంచండి. కారు కింద చుక్కలు పడకపోతే గొట్టం పూడుకుందని అర్థం. శుభ్రం చేయడం చిన్న పని, ఆలస్యం చేస్తే కార్పెట్టు కింద బూజు పట్టి ఆ వాసన ఎన్నాళ్ళకీ వదలదు.

పలాస_జీడితోట:

మా ఇంట్లో రెండు చిన్న కార్లున్నాయి. ఒకదానికి ఇండికేటరు మీట స్టీరింగుకు కుడివైపు, రెండోదానికి ఎడమవైపు. ఐరోపా మూలాలున్న కంపెనీలు మన దేశంలోనూ ఎడమవైపే ఉంచుతాయి, జపాన్, కొరియా కంపెనీలు కుడివైపు పెడతాయి. కారు మారిన ప్రతిసారీ మలుపు దగ్గర ఇండికేటరుకు బదులు వైపరు ఆడుతుంది. రెండో కారు కొనేవారు ఇది చూసుకోవాలి.

దీనికన్నా ముఖ్యమైనది రాత్రి దీపాల సంగతి. వెనక ముగ్గురు కూర్చొని, డిక్కీలో సామాను నింపితే పొట్టి కారు వెనక భాగం కుంగి, ముందు దీపాలు పైకి లేస్తాయి. మన రోడ్డు మనకు కనిపించదు, ఎదురువచ్చేవాడి కళ్ళు జిగేలుమంటాయి. స్టీరింగు కింద కుడివైపున సున్నా నుంచి మూడు వరకు అంకెలున్న చిన్న చక్రం చాలా కార్లలో ఉంటుంది. అంకె పెంచితే దీపం కిందికి దిగుతుంది. ఆ చక్రం ఎందుకో తెలియక ముట్టుకోనివారు మా ఊరిలోనే ఎంతోమంది ఉన్నారు. దయచేసి వాడండి.

అదే బరువుతో ఊళ్ళలోని స్పీడు బ్రేకర్లకు కారు అడుగు గీరుకుంటుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. సిమెంటుతో ఊరివారే సొంతంగా కట్టినవి ఎత్తు అంతే ఉన్నా వెడల్పు అడుగున్నర ఉండదు. ఖాళీ కారు దాటుతుంది, నిండు కారు దాటదు. కారును కాస్త ఏటవాలుగా తిప్పి ఒక్కొక్క చక్రాన్నే ఎక్కిస్తే చాలావరకు తప్పుతుంది.

పొందూరు_టీచరు:

రాజాం కుటుంబానికి మోకాళ్ళ నొప్పులున్న పెద్దావిడ సంగతి గుర్తు చేస్తున్నాను. ఆవిడను వెనక సీటులో కూర్చోబెట్టి, దింపి చూడండి. వెనక తలుపు ఎంత విశాలంగా తెరుచుకుంటుంది, పాదం తిప్పడానికి చోటు ఉందా, పైన పట్టుకోవడానికి పిడి ఉందా అన్నవి ఆవిడ మాత్రమే చెప్పగలరు. మరీ కిందికి ఉన్న సీటులోంచి లేవడం, మరీ ఎత్తైన కారులోకి ఎక్కడం, రెండూ ఆ మోకాళ్ళకు కష్టమే. కుర్చీ అంత ఎత్తులో ఉన్న సీటు నయం. కొన్ని కార్లలో పై పిడి ముందు ఎడమ సీటుకే ఇచ్చి, వెనక ఇవ్వరు.

గంటస్తంభం_వీధి (విజయనగరం):

ఒక హెచ్చరిక. నడిపి చూడమని షోరూములో ఇచ్చే కారు సాధారణంగా అన్ని హంగులూ ఉన్న పై వేరియంటు. మనం కొనేది మధ్యదో కిందదో. ఇక్కడ చెప్పుకున్న సీటు మీట, వెనక వైపరు, మడిచే అద్దాలు, పిడి, ఇవన్నీ డెమో కారులో ఉండి మన కారులో లేకుండా పోతాయి. మీరు డబ్బు కట్టబోయే వేరియంటునే, అది ఏ గోదాములో ఉన్నా సరే, ఒకసారి కళ్ళతో చూపించమని అడగండి.

ఏడురోడ్ల_వాసి (శ్రీకాకుళం):

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. ఈ ఆదివారం చెల్లెలినీ అత్తగారినీ వెంటబెట్టుకొని వెళ్తున్నాం. ఒక్క సందేహం మిగిలింది. బడ్జెట్టు మధ్య వేరియంటు దగ్గరే ఆగేటట్టుంది, అందులో వెనక వైపరు లేదు. తరువాత బయట పెట్టించుకోవచ్చా?

టెక్కలి_గ్యారేజి:

కొన్ని కార్లలో కుదురుతుంది, కొన్నిటిలో కుదరదు. వెనక తలుపుకు మోటారు బిగించే చోటూ, అద్దానికి రంధ్రమూ, అక్కడిదాకా వైరింగూ ఉంటేనే పెట్టించండి. కింది వేరియంట్లలో రంధ్రం లేని అద్దం వేస్తారు కాబట్టి చాలాసార్లు అద్దమే మార్చవలసి వస్తుంది, అది ఖర్చు. వైరు కోసి అతుకు వేసేవారి దగ్గర పెట్టిస్తే ఆ విద్యుత్ భాగాలకు వారంటీ వర్తించదని కంపెనీవారు అనవచ్చు. బుక్ చేసేముందు ఆ కంపెనీ సొంత యాక్సెసరీల జాబితాలో వెనక వైపరు ఉందో లేదో చూసి, ఉంటే ధరతో సహా బిల్లులోనే రాయించుకోండి. లేకపోతే ఆ ఆలోచన మానేసి, కెమెరా ఉన్న వేరియంటు వైపు చూడండి. కెమెరాకు కూడా బురద పడుతుంది, కానీ అది నంబరు ప్లేటు పైన అందేంత ఎత్తులో ఉంటుంది కాబట్టి బయలుదేరేముందు వేలితో తుడిస్తే సరిపోతుంది.